నలుపుకు నలుగు

పుత్తూరులో ఎముక విరిగితే కట్టు కట్టేవాళ్ళకు కొదవ లేదు. ఎముక మీది తోలు సంగతి చూసే బాధ్యత మాత్రం నిర్మలమ్మ ఒక్కతే నెత్తిన వేసుకుంది. ఎవరూ వేయలేదు, ఆమే వేసుకుంది. లోకంలో ముఖం చూసి మాట్లాడేవాళ్ళు కొందరు, ముఖం చాటేసి మాట్లాడేవాళ్ళు కొందరు. నిర్మలమ్మ మాట్లాడితే ముఖం గురించే మాట్లాడుతుంది. పొద్దున్నే ఎవరైనా పంపు దగ్గర సబ్బుతో మొహం తోముకుంటూ కనబడితే చాలు, ముగ్గుగిన్నె అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయేది.

“ఏమ్మే, అది మొగమా, మసిపట్టిన సట్టా? అట్లా తోమితే తోలు నిలుస్తాదా? పెసరపిండి యాడికి పోయింది మీ ఇంట్లో?”

లేవగానే చెంబెడు నీళ్ళు తాగాలి. వారానికొకసారి తలంటుకోవాలి. నడిపొద్దు ఎండలో గొడుగు లేకుండా కదలరాదు. రాత్రి ఫోను పక్కన పెట్టి తొందరగా పడుకోవాలి. మొటిమ మీద గోరు పడరాదు. ఇవీ ఆమె వీధికి పెట్టిన చట్టాలు. మొటిమ గిల్లిన పిల్లకు మొట్టికాయ, మిట్టమధ్యాహ్నం ఆడే పిల్లవాడి మీద మండిపాటు. ఒప్పుకోవాల్సిందే, అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. విన్నవాళ్ళ చర్మాలు బాగుపడ్డాయి కూడా. ఆ వీధిలో మచ్చ లేని మనుషులు ఎందరో చెప్పలేం గానీ, మచ్చ లేని మొహాలు మాత్రం పెరిగాయి.

ఆ నిర్మలమ్మ కూతురు స్రవంతికి ఆడపిల్ల పుట్టింది. పురిటికి పుట్టింటికి వచ్చిన స్రవంతి అయిదో నెలలో బిడ్డనెత్తుకుని చిత్తూరులో అత్తింటికి పోవాలి. పిల్లకు పల్లవి అని పేరు పెట్టారు. ఉయ్యాలలో వేసిన రోజు చిత్తూరు నుంచి స్రవంతి మొగుడు ప్రతాప్, అతని తల్లి సుగుణమ్మ, చుట్టాలూ వ్యానులో దిగారు. ఉయ్యాల చుట్టూ మూగి అందరూ ఎత్తుకున్నది ఒకటే పల్లవి: పిల్ల నలుపు.

సుగుణమ్మ కడుపులో ఏదీ దాచుకోదు. నోరు ఉన్నది అన్నం తినడానికొక్కటే కాదని గట్టిగా నమ్మిన మనిషి.

“వదినా, ఊరందరి మొగాలకూ మెరుగు పెట్టేది నువ్వే గదా. మీ ఇంట్లోనే కాటుక డబ్బీ పుట్టిందే! నీ నలుగుపిండి అయిపోయిందా యేమి?”

అందరూ నవ్వారు. ప్రతాప్ కూడా నవ్వాడు. ఆ మాటకు తెల్లబోయింది నిర్మలమ్మ ముఖం ఒక్కటే. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, ఆమె చేత మొట్టికాయలు తిన్న ఆడపిల్లలు, అందరూ అక్కడే ఉన్నారు.

“ఉండు వదినా,” అంది చివరికి. “అయిదో నెలలో నీ చేతిలో పెడతా గదా, అప్పుడు సూడు. ఇది వెన్నముద్దా, నా మనవరాలా అని నువ్వే అడుగుతావు.”

పందెం కాసింది నోటితోనే. ఒడ్డింది మాత్రం పిల్లను.

పిల్లకు నీళ్ళు పోయడానికి అలివేలమ్మ వచ్చేది. ఆ చుట్టుపక్కల పురిటి ఇళ్ళన్నిటికీ ఆమే. గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపి, పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, నలుగు రుద్ది, చెంబుతో వేణ్ణీళ్ళు కుమ్మరించి, సాంబ్రాణి పొగ పట్టి ఇచ్చేది. నిర్మలమ్మ పక్కనే నిలబడి పెసరపిండిలో ఒకరోజు బాదం, ఒకరోజు గూడూరు నిమ్మకాయల తొక్కల పొడి, ఒకరోజు పాలమీగడ కలిపించింది. రోజూ తెల్లవారుతోంది. పిల్ల మాత్రం తెల్లవారడం లేదు.

“ఎంత రుద్దినా ఇంతే నిర్మలా,” అంది అలివేలమ్మ. “ఇంకా రుద్దితే నా చేతులు తెల్లబడతాయి.”

నిర్మలమ్మ మొగుడు మునస్వామి మరమగ్గం నడుపుతాడు. ఆ హోరులో ఏం మాట్లాడినా ఎవరికీ వినబడదని, మాటలన్నీ లోపలే మగ్గబెట్టుకోవడం అలవాటైన మనిషి. ఆయన కాలి చీలమండ దగ్గర ఎన్నేళ్ళుగానో గజ్జి. చర్మం డాక్టరు ఎప్పుడో ఒక ట్యూబు రాసిచ్చి, కొన్నాళ్ళు పూసి ఆపేయమన్నాడు. మెడికల్ షాపువాడు చీటీ అడగకుండానే ఇస్తుండడంతో మునస్వామి ఆపలేదు. దురద పుట్టినప్పుడల్లా పూసుకోవడం, ట్యూబు చొక్కా జేబులో వేసుకోవడం.

ఒక సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే నిర్మలమ్మ చూసింది. గజ్జి లేదు. అది ఉన్నచోట చర్మం తెల్లగా, నున్నగా, ఉల్లిపొరలాగా మెరుస్తోంది.

“ఇదేంది, ఈడ ఇంత తెల్లగా ఉండాది?”

“మందు పూసి పూసి రంగు పోయింది. దురద తగ్గింది గదా, రంగుతో మనకేం పని?”

“మీకు లేదులే,” అంది నిర్మలమ్మ. ఆమెకు ట్యూబు వెలిగింది. జన్మంతా చీకట్లో ఉన్నా బాగుండేది.

మర్నాడు అదే షాపులో అవే ట్యూబులు కొనుక్కొచ్చింది. అప్పటి నుంచి కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, అందులో ట్యూబు పిండి, వేలితో బాగా కలిపి అలివేలమ్మకు ఇచ్చేది. ఒకచోట పూస్తే ఒకచోటే తెల్లబడుతుంది కాబట్టి ఒళ్ళంతా తెల్లబడాలంటే ఒళ్ళంతా పూయాలి. ఆమె లెక్క ఆమెకు సరిగ్గానే ఉంది. పెద్ద మనిషి చీలమండ తోలు వేరు, పసిదాని తోలు వేరు. అంత లేత చర్మానికి నూనెలో కలిపి, మర్దనా చేసి, వేణ్ణీళ్ళు పోస్తే మందు చర్మం మీదే కూర్చోదు, లోపలికి నడిచిపోతుంది. చర్మం గురించి వీధికంతా చెప్పే మనిషికి ఆ మర్మం తెలియదు.

స్రవంతికి చెప్పలేదు. చదువుకున్న పిల్ల, ఫోనులో ఏదో వెతికి వద్దంటుంది. అలివేలమ్మకు మాత్రం చెప్పక తప్పలేదు. నూనె ఎందుకిట్లా తెల్లగా జిగటగా ఉందని ఆమే అడిగింది.

పిల్ల తెల్లబడింది. నిజంగానే. తెల్లబడడమే కాదు, ఒళ్ళు చేసింది. బుగ్గలు రెండూ ఉబ్బి ముక్కును మధ్యలో దాచేశాయి. మెడ ఉందో లేదో వెతుక్కోవాలి. చూసినవాళ్ళు చూసినట్టే నిలబడిపోయేవాళ్ళు. అలివేలమ్మ చేతివాసి అన్నారు. నిర్మలమ్మ నలుగు మహిమ అన్నారు. అలివేలమ్మకు కొత్త ఇళ్ళ నుంచి పిలుపులొచ్చాయి. నిర్మలమ్మ రోజూ సాయంత్రం దిష్టి తీసి, ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసేది. పల్లవి ఫోటోలు ఫోనుల్లో చిత్తూరు దాకా పోయాయి. “వదినా, ఇది యెవురి పిల్ల?” అని సుగుణమ్మ ఫోను చేసి అడిగింది. ఆ రోజు నిర్మలమ్మ వీధంతటికీ కేసరి పంచింది.

స్రవంతికి ఒక్కదానికే ఎక్కడో గుచ్చుకుంటోంది.

“అమ్మా, ఎంత పాలిచ్చినా ఇంకా కావాలని ఏడస్తా ఉండాది. బుగ్గలూ పొట్టా లావు, కాళ్ళూ చేతులూ సన్నం. నుదుటి మీదంతా నూగు ఎంట్రుకలు. తొడల మీద ఎర్రగా గీతలు సూడు.”

“నీ నోటికి దండం పెడతా మే. కన్నతల్లివి, నువ్వే ఇట్లా కండ్లు పెడితే యెట్లా? లావుగా ఉంటే లావంటావు. నువ్వు సన్నంగా పుడితే మీ అవ్వ నన్ను తిట్టని తిట్టు లేదు, తెలుసా?”

“డాక్టరుకు ఒకసారి సూపిస్తే?”

“ఏమని సూపిస్తావు? మా పిల్ల బాగుండాది, మందియ్యండి అనా?”

స్రవంతికి నవ్వు వచ్చింది. వాళ్ళ అమ్మ మాటకు ఎవరికైనా నవ్వు రావాల్సిందే. ఆ నవ్వులోనే డాక్టరు మాట కొట్టుకుపోయింది.

అయిదో నెలలో చిత్తూరులో కారు దిగి, నిర్మలమ్మ పిల్లను సుగుణమ్మ చేతిలో పెట్టింది. సుగుణమ్మ నోరు ఒక్కసారికి మూతబడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి బుగ్గలు పిండి, వేళ్ళు ముద్దు పెట్టుకుని పోయారు. నిర్మలమ్మ ఆ పూట కాలు నేల మీద ఆనించలేదు. పోయేముందు సంచిలోంచి ఒక సీసా తీసింది.

“ఈ నూనె తప్ప వేరేది పూయొద్దు వదినా. నేను చేసినది.”

“మా ఇంట్లో నూనె లేదా యేమి?” అంది సుగుణమ్మ. మూతబడిన నోరు ఎక్కువసేపు అట్లా ఉండదు. “మా ఇంటి పిల్లకు మా ఇంటి ఆముదం. నీ పని అయిపోయింది, మాకు వదిలిపెట్టు.” సీసాను తీసుకుని అటక మీద పెట్టింది.

అందులో ఏముందో చెబితే ఆ సీసా అటక దిగుతుంది, పందెం ఓడిపోతుంది. నిర్మలమ్మ నవ్వి ఊరుకుంది.

వారం తిరక్కుండానే పల్లవి పాలు తాగడం మానేసింది. తాగిన కొంచెమూ కక్కేసింది. జలుబన్నారు, పళ్ళు వస్తున్నాయన్నారు, దిష్టన్నారు. జ్వరం తగిలాక ఒళ్ళు తడిబట్టలాగా వేలాడిపోయింది. ఆ పొద్దున ప్రతాప్ పిల్లనూ స్రవంతినీ సుగుణమ్మనూ కారులో వేసుకుని తిరుపతిలో పెద్దాసుపత్రికి తెచ్చాడు. కబురు తెలిసి నిర్మలమ్మ, మునస్వామి పుత్తూరు నుంచి బస్సులో వచ్చారు. పిల్లను లోపల పడుకోబెట్టి, ముక్కుకు గొట్టం పెట్టారు. నిర్మలమ్మ అద్దంలోంచి ఒకసారి చూసి, సుగుణమ్మ మీదికి తిరిగింది.

“వెన్నముద్ద మాదిరి చేతిలో పెడితిని గదే! ఏం పెట్టినారు నా పిల్లకు? ఏం పెట్టి ఇట్లా చేసినారు?”

“తల్లి పాలు తప్ప ఏం పెట్టినాం వదినా?” సుగుణమ్మ గొంతులో కోపం లేదు, భయం ఉంది. “మేమేం చేసినామో నువ్వే చెప్పు.”

అప్పుడు డాక్టరు బయటికి వచ్చింది. పేరు నిస్సీ. చిన్న వయసు, మొహంలో నిద్ర లేదు. ఊరంతా ముద్దాడిన ఆ బుగ్గలను మొదటిసారి అనుమానంగా చూసింది ఆమే.

“బుగ్గలు యెప్పటినుంచి ఇట్లా ఉండాయి?”

“రెండో నెల దాటినాక,” అంది స్రవంతి.

“ఒంటికి ఏమన్నా క్రీము గానీ ఆయింట్‌మెంటు గానీ పూసినారా? బాగా గుర్తు తెచ్చుకొని చెప్పండి. యెవురూ ఏమీ అనుకోరు.”

“లేదు మేడం. నూనె, నలుగుపిండి, అంతే. మా అమ్మే దగ్గరుండి చేయించేది.”

డాక్టరు నిర్మలమ్మ వైపు తిరిగింది. “మీరు చెప్పండమ్మా. ఇంకేమైనా?”

నిర్మలమ్మ ముందు స్రవంతి ఉంది. పక్కన ప్రతాప్ ఉన్నాడు. వెనకాల సుగుణమ్మ ఊపిరి మెడకు తగులుతోంది. పూసినది తెలుపు కోసమని ఆ ఆడమనిషి ఎదుట చెప్పడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ మందుకూ ఈ జ్వరానికీ సంబంధమేమిటో మాత్రం తెలియదు. పూసినప్పుడు పిల్ల బంగారంలాగా ఉందే! పూయడం మానేశాకే గదా ఇట్లా అయింది!

“నూనె,” అంది. “పెసరపిండి. ఇదిగో, ఈ చేతులతోనే కలిపిస్తి.”

చెప్పినదంతా నిజమే. నిజంలో ఒక ట్యూబు తగ్గింది.

“సరే,” అంది డాక్టరు. “రక్తం పరీక్షకు పంపించినాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము బాగా ఉండాది. దానికి మందు యెక్కిస్తా ఉండాం. కానీ నాకు ఇంకేదో అర్థం కావడంలే.” లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నమైంది. సుగుణమ్మ బయటికి పోయి ఇడ్లీ పొట్లాలు కట్టించుకుని వచ్చి, ఒకటి నిర్మలమ్మ ఒడిలో పెట్టింది.

“తిను వదినా. పొద్దున్నుంచీ నీళ్ళు కూడా తాగలేదు నువ్వు.”

నిర్మలమ్మ పొట్లం విప్పలేదు.

“ఆ పొద్దు ఉయ్యాల కాడ నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు,” అంది సుగుణమ్మ. “నా నోరే అంత. నవ్వడానికి అన్నాను గానీ, నేను మాత్రం తెల్లగా ఉండానా? నల్లగుంటే యేమి, తెల్లగుంటే యేమి, నిండు బిందె మాదిరి ఇంట్లో ఉంటే చాలు వదినా. దేవుడు దాన్ని మనకిస్తే చాలు.”

ఇడ్లీ పొట్లం నిర్మలమ్మ ఒడిలోంచి జారి కింద పడింది. ఆమె లేచి, వరండా చివర నిలబడి ఉన్న మునస్వామి దగ్గరికి వెళ్ళింది. ఆయనకు ఒక్కడికే వినబడేటట్టు చెప్పింది. ఆయన వంగి తన చీలమండ చూసుకున్నాడు. తెల్లటి ఆ చర్మం ఇప్పుడు పగిలి, నీరు కారుతోంది. తర్వాత తలెత్తి, ఏళ్ళ తరబడి మగ్గబెట్టిన గొంతంతా ఒక్కసారిగా విప్పాడు.

“ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకొని కూర్చున్నావే! ఆ డాక్టరు పిల్ల అడిగింది గదా! నీ మొగం ముందర నిలబడి అడిగింది గదా!”

వరండా అంతా తిరిగి చూసింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని డాక్టరు గది దాకా ఈడ్చుకుపోయి, చొక్కా జేబులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది పూసింది మేడం. ఒళ్ళంతా. నెలల తరబడి. ఈ వారం నుంచే పూయలేదు.”

డాక్టరు ట్యూబు మీది పేరు చదివి కుర్చీలోంచి లేచింది. నర్సుకు ఇంజెక్షను పేరు చెబుతూనే నడిచింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“ఇది తోలులోంచి రక్తంలోకి పోతుందమ్మా. ఆ లావు, ఆ బుగ్గలు, అంతా ఈ మందు వాపు. ఇది బయటినుంచి వస్తా ఉంటే పిల్ల ఒళ్ళు తనకు కావలసినది తాను చేసుకోవడం మానేస్తాది. మీరు ఉన్నట్టుండి ఆపేసినారు. ఇప్పుడు జబ్బుతో కొట్లాడడానికి దాని దగ్గర ఏమీ లేదు.” అంటూనే పరుగెత్తింది.

ఇంజెక్షను పడింది. కాసేపు పల్లవి కళ్ళు తెరిచింది. స్రవంతిని లోపలికి పిలిచారు. పొద్దు కొండ వెనక్కి దిగేవేళకు ఊపిరి ఆగిపోయింది.

మర్నాటి పొద్దున చిత్తూరులో సుగుణమ్మ ఇంటి ముందు చాప మీద పిల్లను పడుకోబెట్టారు. మట్టిలో పెట్టడానికి పోయే ముందు ఒంటి మీద నీళ్ళు పోయాలి. బుగ్గలు పిండి పోయిన ఆడవాళ్ళే మళ్ళీ వచ్చారు.

“ఎంత తెల్లగుండె! ఎంత పుష్టిగుండె! యెవురి కండ్లు పడినాయో.”

“దిష్టే. నాపరాయైనా పగులుతాది.”

నిర్మలమ్మ గోడవార కూర్చుని ఉంది. “దిష్టి కాదు,” అంది. “నేనే. తెల్లబడాలని మందు పూసినా. గజ్జి మందు.”

“అట్లా అనుకోవద్దక్కా,” అంది ఒకామె, ఆమె వీపు నిమురుతూ. “నువ్వు పెంచిన పెంపకం మేం సూడలేదా? బొమ్మ మాదిరి పెంచినావు.”

“మందు పూసినానంటి గదా!”

“మతి చెదిరింది పాపం,” అని ఇంకొకామె పక్కామెతో అంది.

స్రవంతి బిందెతో నీళ్ళు తెచ్చి చాప పక్కన పెట్టింది. నిర్మలమ్మ చేతులు నేల మీద ఆనించి లేవబోయింది.

“నువ్వు ముట్టుకోవద్దు,” అంది స్రవంతి.

గట్టిగా అనలేదు. నిర్మలమ్మ ఉన్నచోటే ఉండిపోయింది. స్రవంతి కాళ్ళు చాపి కూర్చుంది. బాలింత చేతులు తడవరాదని ఇన్నాళ్ళూ ఆమె చేత బిడ్డకు ఒక్కసారి కూడా నీళ్ళు పోయనివ్వలేదు. పిల్లను కాళ్ళ మీద ఎట్లా పడుకోబెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. సుగుణమ్మ వచ్చి తల పట్టుకుంది. స్రవంతి చెంబు ముంచి, ఆగింది.

“అమ్మా, అలివేలవ్వకు తెలుసా ఈ మందు సంగతి?”

నిర్మలమ్మ తలూపింది.

“ఇంకా యాడ పోస్తా ఉండాది ఆ నూనెతో?”

“సుభాన్ బాషా ఇంట్లో. ఆయన కోడలు అఖ్సా బిడ్డకు. అలివేలే నన్నడిగి ట్యూబు పేరు తీసకపోయింది.”

“అయితే ఈడ కూర్చోని ఏం చేస్తా ఉండావు?”

“దాన్ని మట్టిలో పెట్టేదాకన్నా...”

“పో అమ్మా. ఉన్నట్టుండి ఆపొద్దని చెప్పు. డాక్టరు కాడికి తీసకపొమ్మని చెప్పు. నమ్మరు. నమ్మేదాకా చెప్పు. పో.”

నిర్మలమ్మ మునస్వామి వైపు చూసింది. ఆయన చూడలేదు. ఆమె చెప్పులు వెతుక్కుని వీధిలోకి వచ్చింది. వెనకాల నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడింది. తిరిగి చూడకుండా బస్టాండు వైపు నడిచింది.

పుత్తూరులో సుభాన్ బాషా ఇంటి పెరట్లో అలివేలమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపి కూర్చుంది. కాళ్ళ మీద మగబిడ్డ. కబురు ఇంకా అక్కడిదాకా రాలేదు. అఖ్సా పొడి తుండుగుడ్డతో నిలబడి, నిర్మలమ్మను చూడగానే మొహం వెలిగించుకుంది.

“రా పెద్దమ్మా! సూడు, మా బుజ్జోడు కూడా మీ పల్లవి మాదిరే అవుతా ఉండాడు. బుగ్గలు సూడు!”

నిర్మలమ్మ చూసింది. వంగి, అలివేలమ్మ పక్కనున్న నూనెగిన్నె తీసి కొంగు కింద పెట్టుకుంది.

“వానికి గుడ్డ చుట్టు మే,” అంది. “మీ మామకు చెప్పి ఆటో పిలిపించు. తిరుపతికి పోవాల. దోవలో చెప్తా.”